వినకపోతే మైల లేదు

పన్నెండేళ్ళ పాటు మా నాయినకూ పెద్దనాయినకూ మాటల్లేవు. దానికి కారణం పొలమో ప్లాటో కాదు. నేను.

మా అల్మాస్‌గూడ ఇంకా సగం ఊరుగానే ఉన్న రోజులవి. ఆషాఢంలో పోచమ్మకు బోనాలు తీసేటప్పుడు మా వంశంలో పెద్దింటి బోనం ముందు నడవాలి, చిన్నింటిది వెనక నడవాలి. మా పెద్దనాయిన సాయిలుది పెద్దిల్లు. ఆ ఏడు వాళ్ళ బోనం ఇంకా తయారు కాలేదు, డప్పులు మొదలైపోయాయి, ఎవరో వెనక నుంచి "నడువు బిడ్డా" అన్నారు. మా బోనం నెత్తిన పెట్టుకుని నేను నడిచాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. పది ఇళ్ళు దాటానో లేదో పెద్దనాయిన వచ్చి నా భుజం పట్టి పక్కకు లాగాడు. కుండ కింద పడి పగిలింది. బెల్లమన్నం మట్టిపాలు, దీపం మోరీపాలు. "చిన్నింటి పోరికి గంత తొందరేందిరా ఐలయ్యా" అని ఊరందరి ముందర మా నాయిన్ని అడిగాడు. మా నాయిన నా చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ రోజు నుంచి అన్నతో మాట్లాడలేదు. రెండిళ్ళ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. దాని మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ పోతుండేవి. అవీ ఆగిపోయాయి.

ఇక నాకు బోనం కింద పడ్డ పిల్ల అని పేరొచ్చింది. నన్ను చూడ్డానికి వచ్చే వాళ్ళకు ఆ ముచ్చట మాకంటే ముందే ఎవరో ఒకరు చేరవేసేవాళ్ళు. పెళ్ళి మాట దేవుడెరుగు, ఆ మనిషి మీద నాకు మంట చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేనూ అనుకోలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మూడో అంతస్తు కోచింగ్ సెంటర్లో నేను జపనీస్ చెబుతాను. అక్కడికి నర్సులొస్తారు, ఇంజనీర్లొస్తారు, ఏ కోర్సులో చేరినా ఉద్యోగం రాని వాళ్ళొస్తారు. కింది అంతస్తులో విశ్వేశ్వరరావు గారి ట్రావెల్స్. ఆయన పోయినేడు ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు గనక జనం ఖాళీగా ఉంటారని జపాన్ టూరు వేశాడు. పన్నెండు రోజులు, ముప్పై మంది. భాష తెలిసిన మనిషిగా నన్ను రమ్మన్నాడు, తోడుగా ఇంట్లో ఒకరిని తెచ్చుకోవచ్చన్నాడు. మా అమ్మ పూలమ్మ విమానం ఎక్కనంటే ఎక్కనంది. అందుకని మా నాయిన బయల్దేరాడు. ముప్పై నాలుగేళ్ళు ఆర్టీసీ బస్సు తోలిన మనిషి, డ్రైవర్ సీటు పక్కన కాక ఇంకెక్కడ కూర్చున్నా ఆయనకు ప్రయాణం చేసినట్టుండదు.

బయల్దేరడానికి వారం ఉందనగా పెద్దనాయినకు పక్షవాతం వచ్చి ఎల్‌బీ నగర్‌లో దవాఖానలో వేశారు. అమ్మ గోడ మీదుగా విని వచ్చి చెప్పింది. నాయిన విననట్టే ఉన్నాడు. మర్నాడు సాయంత్రం నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బిడ్డా, బీపీ గోలీలు అయిపోయినయ్. ఎల్‌బీ నగర్ దాకా పోవాలె."

"ఈడ దొరుకయా గోలీలు?"

"దొరుకుతయనుకో. అట్లనే జర... దవాఖానల ఒక్కపాలి తొంగి చూసొస్తే ఎట్లుంటదని."

డెబ్భై దాటిన మనిషి నన్ను అనుమతి అడుగుతున్నాడు. ఆ కొట్లాట నా పేరు మీద నడుస్తున్నదని, దాన్ని ముగించే హక్కు తనకు లేదని ఆయన అనుకున్నాడు. నాకది తెలుస్తూనే ఉంది. పోయి రా అంటే అయిపోయేది.

"పో నాయినా," అన్నాను. "పోయి ఆయన చేతులు గూడ ఒత్తిరా. నా బోనం గుంజిన చేతులు గదా, నొస్తున్నయేమో."

నాయిన లేచి, "జపాన్ పోయొచ్చినంక చూద్దాంలే," అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ వినబడేలా అంది. "బిడ్డ నాలికకు తాళం లేదు, తండ్రికి నోరే లేదు. మంచి జోడు."

* * *

టూరు రోజు పొద్దున్నే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కాం. అందరికీ నారింజ రంగు టోపీలు పంచాను. మా నాయిన టోపీ పెట్టుకుని పోయి డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. నా వెనక సీట్లో మల్లికార్జునరావు, ఆయన భార్య అమ్మాజీ. ఆయన కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. ప్రపంచమంతా తన క్లాసే అనుకుంటాడు.

"ఏమ్మా, మీ నాన్నగారి టిక్కెట్టు మా టిక్కెట్లలోంచే వచ్చిందటగా?" అన్నాడు బస్సు కదలగానే.

"అవును సార్. జపాన్‌లో మీకు బాత్రూం ఎక్కడుందో అడిగి చెప్పేది కూడా ఆయన బిడ్డే. గుర్తు పెట్టుకోండి."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. అమ్మాజీ గారికి మాత్రం నా మీద ముచ్చటేసినట్టుంది. సంచిలోంచి జంతికలు తీసి నా చేతిలో పెట్టి కబుర్లలో దిగింది. వాళ్ళ రవితేజ పెళ్ళి కబుర్లు. మంటపం, క్యాటరింగు, చీరలు, ఆఖరికి ఒక చావు.

"పెళ్ళి రెండ్రోజులుందనగా మా వారి బాబాయిగారు పోయారమ్మా కాకినాడలో. దాయాదుల మైల కదా, తెలిసిందంటే పెళ్ళి ఆగిపోద్ది. ఫోను నేనెత్తాను కాబట్టి సరిపోయింది. ఒక్కళ్ళకి చెబితే ఒట్టు. పెళ్ళయింది, వ్రతం అయింది, అప్పుడు చెప్పాను మా వారికి. వినకపోతే మైల లేదు."

"మరి మీరు విన్నారు గదా?"

"నేను విన్నాను. నాకు తగిలింది, నేనే మోశాను. తలంటు పోసుకుని, పీటల దగ్గరకి వెళ్ళకుండా నడుం నొప్పని పడుకున్నాను. కన్నకొడుకు మీద నాలుగు అక్షింతలు కూడా వెయ్యలేదు." ఆవిడ జంతిక కొరికింది. "విన్నవాళ్ళదే కదమ్మా మైల."

ఆ మాట నేను అక్కడితో మర్చిపోయేదాన్నే. కానీ మూడు గంటల తర్వాత, విమానం గేటు దగ్గర, నా ఫోన్ మోగింది. నాయిన ఫోన్‌లో సిమ్ నేనే తీసేశాను, విదేశంలో బిల్లు పడుతుందని. అందుకని అమ్మ నాకే చేసింది.

"భానూ, మీ పెద్దనాయిన పోయిండే. పది గంటలకు పాణం పోయిందట. ఇంటికి తీస్కొస్తున్నరు. మీ పెద్దమ్మ అండాలక్క మొత్తుకుంటున్నది. నాయినకియ్యి ఫోను."

నాయిన అద్దాల దగ్గర నిలబడి విమానాన్ని చూస్తున్నాడు. నన్ను చూసి చెయ్యూపి, "గీ బండికి రివర్స్ లేదట బిడ్డా! ఎనకకు దొబ్బనీకి వేరే బండి ఉన్నది," అని అరిచాడు.

నేను అటు తిరిగి గొంతు తగ్గించాను. "అమ్మా, నాయినకు చెప్పకు. ఎక్కుతున్నం."

"ఇంకా ఎక్కలే గదా. ఆయన్ని పంపియ్యి. సాయంత్రం దాకా ఉంచుతరు, కడసూపన్న చూసుకుంటడు."

"పన్నెండేండ్లు చూడలే. పన్నెండొద్దులు ఆగితే ఏమైతది?"

"భానూ!"

"వినకపోతే మైల లేదమ్మా. ఒచ్చినంక నేనే చెప్త. నువ్వు నోరు జారకు."

అవతల దూరంగా ఏడుపులు వినబడుతున్నాయి. "నాతోని అబద్దం ఆడిపియ్యకు," అంది అమ్మ చివరికి. "నేను ఫోనే బందు పెట్టుకుంట." పెట్టేసింది.

"ఎవరు బిడ్డా?" అంటూ నాయిన దగ్గరకొచ్చాడు.

"అమ్మ. గ్యాస్ బండ ఒచ్చిందట."

"మంచిగైంది. నాలుగొద్దులసంది ఎదురు చూస్తున్నది," అని, పాస్‌పోర్టు రెండు చేతుల్తో పట్టుకుని పోయి లైన్లో నిలబడ్డాడు.

ఆయన వెనక్కి పోతే టూరు పాడవుతుందని భయపడ్డానని తర్వాత చాలామార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన పోయినా నా పని నాకుండేది. నాకు కావలసింది వేరే. ఆ మనిషి పాడె దగ్గర నిలబడి మా నాయిన ఏడవకూడదు. అంతే.

* * *

మూడో రోజు నిక్కో పోయాం. టోక్యో నుంచి బస్సులో రెండున్నర గంటలు. కొండల్లో ఊరు. పెద్ద పెద్ద దేవదారు చెట్లు, వాటి మధ్య గుళ్ళు, అన్నిటి మీదా ఆగని జల్లు. పొద్దున్నుంచి ఎవరికీ ఎవరితోనూ పడలేదు. ఒకరి గదిలో ఆవకాయ సీసా పగిలింది, ఇంకొకరికి కిటికీ సీటు కావాలి, మల్లికార్జునరావుకు ఇడ్లీ కావాలి. నాకు ఎవరి మొహమూ చూడాలని లేదు. మా నాయిన ఒక్కడే పెళ్ళికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"ఈడ దేవుడెవరు బిడ్డా?"

"ఒక రాజు. సచ్చిపోయినంక దేవుణ్ణి చేసిన్రు. పైన ఆయన సమాధి ఉంటది, రెండొందల ఏడు మెట్లెక్కాలె."

"సచ్చినోళ్ళను గింత మంచిగ చూసుకుంటరా!"

గుడి ముందర పెద్ద రాతి తోరణం. ఆ తోరణం గురించి నేను ఏడాదికి నాలుగు బ్యాచులకు పాఠం చెబుతాను. ఇంట్లో చావు జరిగినవాళ్ళు కొన్నాళ్ళ దాకా ఈ తోరణం కిందనుంచి పోరు అని. ప్రతి బ్యాచులోనూ ఎవరో ఒకరు "మన లెక్కనే మేడమ్" అంటారు. తోరణం కిందికి వచ్చేసరికి నా కాళ్ళు ఆగాయి. నాయినకైతే మైల లేదు, ఆయన వినలేదు. విన్నది నేను.

వెనక నుంచి అమ్మాజీ గొడుగు నా వీపుకు తగిలింది. "నడవమ్మా, తడిసిపోతున్నాం."

నడిచాను.

లోపల గుర్రపుశాల గోడ మీద చెక్కతో చేసిన మూడు కోతులున్నాయి. ఒకటి చెవులు మూసుకుంది, ఒకటి నోరు, ఒకటి కళ్ళు. చెడు వినొద్దు, అనొద్దు, చూడొద్దు అని వివరించాను. మా నాయినకు చెవుల కోతి బాగా నచ్చింది. "మనింట్ల నీకూ మీ అమ్మకూ నడుమ నేను గిట్లనే గదా ఉండేది," అని నవ్వి, దాని కింద నిలబడి రెండు చేతులతో చెవులు మూసుకుని, నారింజ టోపీ కింద పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, "తియ్యి బిడ్డా ఫోటో," అన్నాడు.

తీశాను. జపాన్‌లో పదకొండయింది. మా ఊళ్ళో ఏడున్నర. మూడో రోజు గనక ఆ వేళకు పెద్దనాయిన పేరు మీద వండి పిట్టకు పెడుతుంటారు. నాకు తెలుసు. యోగేందర్ పెద్దనాయిన కొడుకు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. నా వాట్సాప్ స్టేటస్ అతనికి కనబడకుండా ఎప్పుడో తీసేసి ఉంచాను. గుడి చూరు కింద వానకు నిలబడి ఆ రోజు అతని పేరు మళ్ళీ చేర్చాను. చేర్చి ఫోటో పెట్టాను. చూడనీ అనుకున్నాను. మా నాయిన నవ్వుతున్నాడని ఆ ఇంటికి తెలియనీ.

ఆ చేసిన పని గురించి ఇప్పటికీ నన్ను ఎవరూ తిట్టనంత తిట్టు నా లోపల తిరుగుతూ ఉంటుంది. ఆ రోజు మాత్రం హాయిగానే ఉంది.

గుడి దగ్గర మొక్కు రాసి వేలాడదీసే చెక్క పలకలు అమ్ముతారు. నాయిన ఒకటి తీసుకున్నాడు.

"తెలుగుల రాస్తే సమజైతదా ఈ రాజుకు?"

"రాయి నాయినా. సచ్చి దేవుడైనోనికి అన్ని భాషలొస్తయ్."

డ్యూటీ పుస్తకంలో ట్రిప్పులు రాసే చేత్తో, ఒక్కో అక్షరమే గట్టిగా ఒత్తుతూ రాశాడు. నేను చూస్తానని అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నా పెళ్ళి గురించే అయి ఉంటుందనుకుని నాకు విసుగొచ్చింది. దారంతో కట్టి, టోపీ తీసి దండం పెట్టి, బస్సు దగ్గర డ్రైవర్ ఏం చేస్తున్నాడో చూసొస్తానని పోయాడు. నేను వెళ్ళి పలక తిప్పి చూశాను.

'మా అన్న సాయిలు దవాఖాన నుంచి నడుసుకుంట ఇంటికి రావాలె. నేను ఎదురు పోత. ఐలయ్య, అల్మాస్‌గూడ.'

రెండుసార్లు చదివాను. పలకను ఎట్లా ఉన్నదాన్ని అట్లా తిప్పి పెట్టి వచ్చేశాను.

మధ్యాహ్నం బస్సు ఇంకా పైకి, కొండ మీద చెరువు దగ్గరకు బయల్దేరింది. ఆ ఘాట్ రోడ్డులో పైకి పోవడానికి ఇరవై మలుపులు, మలుపు మలుపుకూ ఒక అక్షరం రాసిన బోర్డు. నాయిన ముందు సీట్లో కూర్చుని ప్రతి మలుపుకూ తన కుడి కాలు నేలకు ఒత్తుతున్నాడు. తెల్ల గ్లౌజుల డ్రైవర్ అది చూసి నవ్వాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు నాయిన.

"బిడ్డా, నాకు స్టీరింగ్ పట్టిచ్చింది ఎవరనుకున్నవ్? మా అన్న. పటేల్ ట్రాక్టర్ మీద, ఒళ్ళ కూసోబెట్టుకొని. కాళ్ళు అందకపోయేటియి."

నేను మలుపు బోర్డు మీది అక్షరం చదివాను.

"కోపం ఎన్నడో పోయింది నాకు. పోయి ఏం మాట్లాడాల్నో తెల్వక ఆగిన ఇన్నేండ్లు. ఊకెనే పోయి ముంగట నిలబడితే ఏమన్నట్టుంటది? ఇప్పుడొక ముచ్చట దొరికింది." ముందుకు చూస్తూ వేళ్ళ మీద లెక్క పెడుతున్నాడు. "పన్నెండోది. గీ మలుపుల ముచ్చట చెప్త ఆయనకు. నువ్వు ఏమనుకోవద్దు బిడ్డా."

మాట నా గొంతు దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. అప్పుడే మల్లికార్జునరావు వెనక నుంచి, "అమ్మాయ్! మా ఆవిడకు వాంతి వచ్చేలా ఉంది, కవరేదీ?" అని అరిచాడు. కవరు తీసుకుని పోయాను. తిరిగి వచ్చేసరికి నాయిన ఇరవై లెక్కపెట్టేసి ఉన్నాడు, చెరువు కనబడుతోంది, నా మాట గొంతులోనే ఉండిపోయింది. ఇంకా తొమ్మిది రోజులు ఉండిపోయింది.

ఆ తొమ్మిది రోజుల్లో అమ్మకు ఫోన్ కలపమని రోజూ అడిగేవాడు. కలవడం లేదంటే, "చార్జింగ్ పెట్టదు ఆమె," అని విసుక్కునేవాడు.

* * *

పన్నెండో రోజు పొద్దున ఇల్లు చేరాం. మా గల్లీలో కారు తిరగ్గానే పెద్దనాయిన ఇంటి ముందు విప్పి పేర్చిన టెంటు గుంజలు, ఎంగిలి విస్తళ్ళ కుప్ప కనిపించాయి. పదకొండో రోజు దినం ముందునాడే అయిపోయింది.

"అన్నింట్ల ఏందే?" అన్నాడు నాయిన కారు దిగుతూ. నన్ను కాదు, గేటు దగ్గర నిలబడ్డ అమ్మను.

అమ్మ నా వైపు చూసింది. నేను చెప్తానన్న మాట ఆమెకు గుర్తుంది. నాకు నోరు పెగల్లేదు. ఆమే చెప్పింది. "బావ పోయిండు. మీరు పోయిన్నాడే, పది గంటలకు."

నాయిన చేతిలో సంచి అట్లాగే ఉంది.

"గ్యాస్ బండ," అన్నాడు. అంతే అన్నాడు. నా వైపు తిరిగి చూశాడు. నేను తల దించుకున్నాను.

సంచి అక్కడే పెట్టి అన్న ఇంటి గేటు వైపు నడిచాడు. వెనకాలే నేను, నా వెనక అమ్మ. అరుగు మీద గుండుతో యోగేందర్, గోడకానుకుని పెద్దమ్మ అండాలమ్మ, దినానికి వచ్చి ఇంకా పోని చుట్టాలు నలుగురైదుగురు. ఎవరూ రమ్మనలేదు. నాయిన గేటు బయటే ఆగాడు.

"ఫోటోలు మంచిగొచ్చినయ్ చిన్నాయినా," అన్నాడు యోగేందర్. ఫోన్ తీసి ఇటు తిప్పి చూపించాడు. నారింజ టోపీ, చెవుల మీద చేతులు, నవ్వు. "పిట్టకు పెట్టి నిలబడితే ఒచ్చింది గిది. ఊరంతా చూసింది. అన్న సస్తే తమ్ముడు చెవులు మూసుకుండని గ్రూపుల తిరుగుతున్నది. మీ ఫోటో మంచిగనే ఒచ్చింది గని, పిట్టనే రాలే. గంట సేపు ముట్టలే. మా అమ్మ ఏడ్సుకుంట 'ఐలయ్య ఒస్తడులే, నువ్వు తిను' అన్నంక ఒచ్చి ముట్టింది."

నాయిన ఆ ఫోటో వంకే చూస్తున్నాడు. తన నవ్వును తనే గుర్తు పట్టనట్టు చూస్తున్నాడు.

అప్పుడు నోరు వచ్చింది నాకు. "యోగేందరన్నా, నాయినకు తెల్వదు. నేనే దాచిన. ఎయిర్‌పోర్టులనే నాకు తెల్సు. ఫోటో పెట్టింది గూడ నేనే, మీరు చూడాల్నని పెట్టిన. నాయినకు ఇప్పుడే, ఈ గేటు ముంగట్నే తెల్సింది."

అందరూ నా వైపు తిరిగారు. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చుట్టాల్లో ఒకామె పక్కనామెతో, వినబడేలాగే, "బోనం పడేసిన పిల్ల గాదూ," అంది.

ఆ మాట నాయినకూ వినబడింది. నన్ను దాటి ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఊకో భానూ. అన్నీ నీ నెత్తినేసుకోకు," అన్నాడు. తర్వాత యోగేందర్ వైపు చూసి, "ఆమె నన్ను కాపాడనీకి అంటున్నది బిడ్డా. నాకు తెల్సు. తెల్సే పోయిన. దొరికిన సీటు పోతదని పోయిన," అన్నాడు.

నేను ఏదో అనబోయాను. నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. పన్నెండేళ్ళ కింద డప్పుల మధ్య పట్టుకున్నట్టే.

యోగేందర్ అరుగు దిగి వచ్చి మా మొహాల ముందర గేటు వేశాడు. "ఈ గోడ ఎత్తు పెంచుత చిన్నాయినా. నీ మొకం మల్ల కనబడొద్దు." అన్నట్టే శ్రావణం పోకముందే ఆరడుగులకు పెంచాడు. ఆ ఏడు రెండిళ్ళలోనూ బోనం ఎత్తలేదు.

ఇంటికి వచ్చి నాయిన నల్లా దగ్గర కట్టుబట్టల మీదే నాలుగు బకెట్లు పోసుకున్నాడు. తుడుచుకోకుండానే వెనకగదిలోకి పోయి చాప పరిచాడు. అమ్మ మెల్లగా అంది, "పదొద్దులు దాటినంక వింటే మూడొద్దులు." ఆయన తలూపి, "కిటికీ ఎయ్యి," అన్నాడు. తెలిసే పోయానని ఊరి ముందు ఒప్పుకున్న మనిషి ఇవాళ మైల పడుతున్నాడని ఎవరి కంటా పడకూడదు. పడితే అబద్ధం బయటపడుతుంది, నా పేరు బయటపడుతుంది. అమ్మ కిటికీ వేసి, గొళ్ళెం పెట్టి, వంటింట్లోకి పోయి అక్కడ ఏడ్చింది.

నేనూ తలమీంచి నీళ్ళు పోసుకున్నాను. తడి బట్టలతోనే చాప ఒకటి చంకన పెట్టుకుని ఆ గది గడప దగ్గర నిలబడ్డాను. నాయిన గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆ గోడకు అవతల పెద్దనాయిన ఇల్లు.

"నాయినా, నేను గూడ కూసుంట."

ఆయన తిరగలేదు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నువ్వెందుకు బిడ్డా? నువ్వు ఆనాడే విన్నవ్ గదా. నీ మైల ఎప్పుడో అయిపోయింది. పో, పోయి బట్టలు మార్సుకో."